క్రైస్తవమతమున శరీర, జీవ, ఆత్మ శబ్దములు: నిత్యజీవవిచారము

క్రైస్తవుల నూతననిబంధనయందు మిక్కిలి ప్రాచీనములగు భాగములలో, పౌలు థెస్సలొనీకపట్టణపు సంఘమునకు వ్రాసిన మొదటిలేఖ యొకటి. అది క్రీ. శ. 50 ప్రాంతమున వ్రాయబడినదని పండితుల యభిప్రాయము. ఆ లేఖ 5వ అధ్యాయము 23వ వచనమున నతడు సంఘమువారి నాశీర్వదించుచు మనుష్యునిగూర్చి మూడు శబ్దములను వరుసగా వాడెను. గ్రీకుభాషలో నవి ప్నెవ్మ, ప్సుఖే, సోమా అనునవి. ప్రచారముననున్న తెలుగుబైబిలునందు అవి ఆత్మ, జీవము, శరీరము అని యనువదింపబడినవి. దాదాపు రెండువేల యేండ్లుగా సాగిన యొక పెద్ద వివాదమునకు ఈ మూడు మాటలును ఆధారములైనవి. మనుష్యుడు మూడు భాగముల కూర్పా, రెండింటి కూర్పా, లేక విభాగములేని యేకవస్తువా? మరణమున నేది నశించును, ఏది నిలుచును? నిత్యజీవమని క్రైస్తవులు చెప్పునది వీనిలో దేనికి కలుగును? మతాచార్యులును సభలును చెప్పిన సమాధానముల చరిత్రను పరిశీలించినచో, ఈ వివాదములో చాలభాగము శబ్దములు ఒక భాషనుండి మఱియొక భాషకు సంక్రమించుటవలన పుట్టినదని తేటపడును.

మొదట హీబ్రూశబ్దములను విచారింపవలెను. ఆ భాషయందు నెఫెష్, రూఅహ్, బాసార్ అను మూడు పదములు ముఖ్యములు. నెఫెష్ అనగా గొంతు. దానినుండి ఊపిరి, ఆకలి, కోరిక, ప్రాణము, ప్రాణి, వ్యక్తి అను నర్థములు విస్తరించినవి. రూఅహ్ అనగా గాలి, శ్వాసము, బలము. బాసార్ అనగా మాంసము, దేహము. ఆదికాండము రెండవ యధ్యాయమున దేవుడు మంటితో నరుని చేసి, వాని నాసికారంధ్రములలో నూపిరి నూదగా, వాడు సజీవమగు నెఫెష్ అయ్యెనని చెప్పబడినది. ఇచ్చటి క్రియాపదము గమనింపదగినది. నరుడు నెఫెష్‌ను పొందెనని గాని, వానిలో నెఫెష్ ప్రవేశపెట్టబడెనని గాని లేదు. వాడే నెఫెష్ అయ్యెనని యున్నది. ఈ పదబంధమే మొదటి యధ్యాయమున చేపలకును పశువులకును వాడబడినది. సంఖ్యాకాండము ఆఱవ యధ్యాయమున శవమును చెప్పుటకు సైతము నెఫెష్ శబ్దమే వచ్చినది. కావున దేహమునుండి విడివడి, స్వభావముచేతనే చావులేక యుండు ద్రవ్యము ఈ శబ్దమునకు మూలార్థము కాదు. చచ్చినవారు షెయోల్ అను చీకటిలోకమున నీడలవలె నుందురని ప్రాచీన హీబ్రూజనులు తలచిరి. అట్టి యునికిని వారు జీవమని పిలువలేదు.

మృతులు మరల లేతురను నమ్మకము ఆ గ్రంథములయందు ఆలస్యముగా స్పష్టపడినది. సిరియారాజగు నాలుగవ అంతియొకుసు క్రీ. పూ. 167 ప్రాంతమున యూదుల ధర్మమును నిషేధించి, దానిని విడువనివారిని చంపించెను. ఆ కాలమునకు చెందినదని పండితులు తలచు దానియేలుగ్రంథపు చివరి యధ్యాయమున, మంటిలో నిద్రించువారిలో అనేకులు మేల్కొందురను మాట కలదు. మక్కబీయుల రెండవగ్రంథమున, రాజాజ్ఞచే హింసింపబడిన యేడుగురు సోదరుల కథ యున్నది. వారిలో నొకడు తన చేతులను చాచి, ఇవి దేవుడిచ్చినవి, మరల దేవునివలననే పొందెదనని చెప్పి ప్రాణము విడిచెను. ఈ కథలోనే సిద్ధాంతపు మర్మమున్నది. ధర్మముకొఱకు ఛేదింపబడినది దేహము. దేవుడు న్యాయవంతుడైనచో ఆ దేహమునకే న్యాయము జరుగవలెను. పునరుత్థానమను నాశ తత్త్వవిచారమునుండి కాక, అన్యాయముగా చంపబడినవారి పక్షమున పుట్టినది.

ఇంతలో హీబ్రూగ్రంథములు గ్రీకుభాషలోనికి వచ్చినవి. క్రీ. పూ. 3వ శతాబ్దమునుండి అలెగ్జాండ్రియానగరమున జరిగిన యనువాదమున నెఫెష్‌కు ప్సుఖే, రూఅహ్‌కు ప్నెవ్మ సామాన్యముగా పర్యాయములైనవి. ఈ రెండును ఊదుట యను నర్థముగల ధాతువులనుండి పుట్టినవే. లాటినునందలి స్పిరితుసు శబ్దము శ్వాసార్థకము. అనిమా శబ్దము సంస్కృతమున ప్రాణ, అనిల శబ్దములకు మూలమగు అన ధాతువునకు జ్ఞాతి. ఇట్లు వ్యుత్పత్తిని చూచినచో అన్నియు ఊపిరియే. కాని రూఢి వేఱు. ప్లేటో తన ఫీదో అను సంవాదమున, ప్సుఖే నాశరహితమనియు, దేహము దానికి బంధమనియు, మరణము విడుదల యనియు సోక్రటీసుచేత వాదింపించెను. గ్రీకుభాష చదువుకొన్నవాడు ఈ శబ్దమును వినగానే ఈ యర్థము స్ఫురించును. హీబ్రూ నెఫెష్ ఆ విధముగా తనది కాని వేషమును ధరించెను. సొలొమోను జ్ఞానగ్రంథమునందే నీతిమంతుల ప్సుఖేలు దేవుని హస్తమున నున్నవను భావము కనబడుటచే, యూదులలోనే యీ సమ్మేళనము ప్రారంభమైనదని చెప్పవలెను.

పౌలు గ్రీకున వ్రాసినను, ప్లేటో విభాగమును గ్రహింపలేదు. కొరింథీయులకు వ్రాసిన మొదటిలేఖ 15వ యధ్యాయమున నతడు మరణించిన దేహమును విత్తనముతో పోల్చెను. విత్తబడునది ప్సుఖేకు సంబంధించిన దేహము, లేచునది ప్నెవ్మకు సంబంధించిన దేహము అని యతని మతము. రెండుచోట్లను విశేష్యము దేహమే. విశేషణము మాత్రము మాఱినది. ప్లేటో మతమున ప్సుఖే నిత్యము, దేహ మనిత్యము. పౌలు మతమున ప్సుఖేకు సంబంధించినదే క్షయించునది. నిత్యత్వము దేవుని ప్నెవ్మచే దేహమునకు కలుగు వరము. అయినను, అతడే ఫిలిప్పీయులకు వ్రాయుచు, ఈ లోకమును విడిచి క్రీస్తుతో నుండవలెనని కోరెను. మరణమునకును పునరుత్థానమునకును నడుమ మనుష్యుడెట్లుండును? ఈ ప్రశ్నకు పౌలు విపులముగా సమాధానము చెప్పలేదు. తరువాతి శతాబ్దముల వివాదము ఈ సందుననే పెరిగినది.

రెండవ శతాబ్దమున యుస్తీను, తన ట్రూఫోసంవాదమున, ప్సుఖే స్వభావముచేత అమృతము కాదనియు, దేవుడు కోరినంతవఱకే జీవించుననియు ప్రతిపాదించెను. పునరుత్థానము లేదనియు, చచ్చినతోడనే ప్సుఖేలు స్వర్గమునకు పోవుననియు చెప్పువారిని క్రైస్తవులుగా నెంచరాదని యతడు తీవ్రముగా పలికెను. అతని శిష్యుడగు తతియానును ప్సుఖే స్వయముగా అమృతము కాదనెను. వాలెంటీనుని యనుచరులు మనుష్యులనే ప్నెవ్మగలవారు, ప్సుఖేగలవారు, మట్టివారు అని మూడు జాతులుగా విభజించి, మొదటివారికే నిశ్చితమగు ముక్తి యనిరి. దీనిని ఖండించుటకై లియోనునగరపు ఇరెనేయుసు క్రీ. శ. 180 ప్రాంతమున, దేహము, ప్సుఖే, ప్నెవ్మ మూడును కలిసినవాడే పూర్ణమనుష్యుడని స్థాపించెను. అతని దృష్టిలో మూడవదగు ప్నెవ్మ ముఖ్యముగా దేవునివలన వచ్చునది. మనుష్యుడు దానిని తన సొత్తుగా చెప్పుకొనరాదు.

ఈ త్రిత్వవిభాగమునకు నాలుగవ శతాబ్దమున నొక విఘాతము కలిగెను. లవొదికయ బిషపగు అపొల్లినారిసు, క్రీస్తునందు దేహమును ప్రాణశక్తియును మానవములే యనియు, బుద్ధిరూపమగు మూడవభాగమునకు బదులుగా దైవవాక్కు ఉండెననియు చెప్పెను. అట్లయినచో మనుష్యునిలోని శ్రేష్ఠభాగమును క్రీస్తు స్వీకరింపలేదనియు, స్వీకరింపనిదానికి రక్షణము కలుగదనియు నజియాంజుపుర గ్రెగొరీ ప్రత్యుత్తరమిచ్చెను. 381లో కాన్‌స్టాంటినోపిలుసభ ఆ మతమును త్రోసివేసెను. నాటినుండి మూడు భాగములను ప్రత్యేకముగా నెంచువారిపై సందేహదృష్టి ప్రబలెను. ఆ సభపేర ప్రసిద్ధమైన విశ్వాసప్రమాణమున మృతుల పునరుత్థానమును, రాబోవు లోకపు జీవమును ఒప్పుకొనుట మాత్రమే యున్నది. అపొస్తలుల ప్రమాణమను పేరుగల లాటిను పాఠమున మాంసపు పునరుత్థానమని యింకను స్థూలముగా చెప్పబడినది. ఈ రెండింటిలో దేనియందును ప్సుఖే యమరత్వమను మాట లేకపోవుట విశేషము.

అయినను ప్లేటో ప్రభావము తగ్గలేదు. అగస్తీను 387లో ఆత్మయొక్క అమరత్వముపైననే యొక చిన్నగ్రంథము వ్రాసెను. 13వ శతాబ్దమున తోమా అక్వీనాసు అరిస్టాటిలు ననుసరించి, ఆత్మ దేహమునకు రూపమని చెప్పి, రెండు పక్షములను పొందింప యత్నించెను. ఆత్మ మరణానంతరము నిలుచును, కాని ఆత్మయే మనుష్యుడు కాడు. దేహము లేనిదే మనుష్యుడు పూర్ణుడు కాడని యతని సిద్ధాంతము. 1336లో పోపు పండ్రెండవ బెనెడిక్టు, శుద్ధులగువారి యాత్మలు తీర్పునకు ముందే దైవదర్శనము పొందునని శాసించెను. 1513లో ఐదవ లాటెరనుసభ ఆత్మ యమరమని ప్రకటించెను. ప్రాటెస్టెంటులలోను వివాదమాగలేదు. మృతులు తీర్పుదినమువఱకు నిద్రింతురను మతమును ఖండించుచు కాల్విను వ్రాసిన గ్రంథము 1542లో అచ్చుపడెను. 1955లో ఆస్కార్ కుల్మన్ హార్వర్డునం దుపన్యసించుచు, సోక్రటీసు శాంతమరణమును యేసు వేదనతోడి మరణమును పోల్చి, ఆత్మామరత్వము గ్రీకుమతమనియు, పునరుత్థానమే క్రైస్తవమతమనియు వాదించెను. ఈ విభజన మూలార్థమునకు సమీపమేగాని, యూదుల గ్రీకుగ్రంథములను చూచినచో అంత నిర్దుష్టము కాదు. అదియుగాక, ఆత్మవాదులకు నొక బలమగు యుక్తి కలదు. ఎవడు మరణించెనో వాడే లేవవలెను గదా. నడుమ నేమియు నిలువనిచో లేచినవాడు వాడే యనుటకు ప్రమాణమేమి? ఆత్మ యనునది యీ యేకత్వమును కాపాడు సూత్రముగా నంగీకరింపబడినది.

ఈ శబ్దసంక్రమణము తెలుగునందును సాగినది. 18వ శతాబ్దమున బెంజమిను షుల్జు చేసిన తెలుగనువాదము అచ్చుకాలేదు. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన లండనుమిషనువారి కృషిచే 19వ శతాబ్దారంభమున సువార్తలు ముద్రితములైనవి. నేడు ప్రచారముననున్న పాత యనువాదమును పరిశీలింపగా, ప్సుఖే యను నొక్క శబ్దమే థెస్సలొనీకలేఖలో జీవమనియు, లూకాసువార్తలోని మరియమ్మ స్తుతియందు ప్రాణమనియు, మత్తయిసువార్త 10వ యధ్యాయమున ఆత్మ యనియు తెనిగింపబడినట్లు కనబడును. దానినుండి పుట్టిన విశేషణము కొరింథులేఖలో ప్రకృతిసంబంధమైన యని వచ్చినది. ఆదికాండమున నరుడు జీవాత్మ యయ్యెనని యుండగా, ఆ వాక్యమునే పౌలు ఉదాహరించినచోట జీవించు ప్రాణి యని యున్నది. పశువులవిషయమున నా పదమే జీవముగలవి యని మాఱినది.

అనువాదకులను నిందించుట తగదు. ప్రకరణానుసారముగా శబ్దమును మార్చుట భాషాధర్మము. కాని సంస్కృతశబ్దములకు తమ చరిత్ర తమకు కలదు. సంప్రదాయమున ఆత్మశబ్దమును నిరంతరగమనార్థకమగు ధాతువునుండి సాధింతురు. భగవద్గీత చదివిన తెలుగువానికి ఆత్మ పుట్టనిది, చావనిది, దేహములను వస్త్రములవలె విడుచునది. అట్టివాడు మత్తయిసువార్తలో, దేవుడు ఆత్మను దేహమును కూడ నశింపజేయగలడను భావమును చూచినపుడు, ఆత్మకు నాశమెట్లని విస్మయపడును. మూలమున నా విరోధమే లేదు. అచ్చటి ప్సుఖే దేవుడిచ్చినంతకాలముండు ప్రాణము. మఱియు దేవుని యాత్మకును మనుష్యుని యాత్మకును ఒక్కటే మాట యగుటచే, అద్వైతము నెఱిగినవానికి అభేదము తోచుట సహజము. పునరుత్థానమును జన్మాంతరముగా గ్రహించుటయు నిట్టిదే. అది వేఱొక దేహమును ధరించుట కాదు. ఆ మనుష్యునికే, ఆ పేరుగలవానికే, నూతనజీవము కలుగుట.

దీనివలన తేలున దేమనగా, పౌలు చెప్పిన మూడు శబ్దములు మనుష్యుని మూడు ముక్కలుగా కోసినవి కావు; ఒక్క మనుష్యుని మూడు సంబంధములను సూచించినవి. లోకముతో సంబంధము దేహము, బ్రదుకుతో సంబంధము ప్సుఖే, దేవునితో సంబంధము ప్నెవ్మ. క్రైస్తవగ్రంథముల ప్రాచీనమార్గమున నిత్యజీవము వీనిలో నొకదాని స్వభావసిద్ధమగు గుణము కాదు. మూడింటితో గూడిన మనుష్యునికి దేవు డిచ్చు దానము. చేతులు చాచి మరణించిన యా సోదరుని యాశకును, సోక్రటీసు యాశకును గల భేదము ఇదియే. తెలుగున ఈ గ్రంథములను వ్యాఖ్యానించువారు, ఆత్మశబ్దము వచ్చినచోటనెల్ల మూలమున ప్సుఖే యున్నదో ప్నెవ్మ యున్నదో తెలిపిన పక్షమున, మతభేదములని తోచువానిలో గొన్ని కేవల పదభేదములని తేలును. నిజమగు భేదము లెవ్వియో అవియు స్పష్టపడును.