రాజముద్ర వెనుక రైతు

భిలాయి ఉక్కు నగరం నిలిచిన నేల ఒకనాటి దక్షిణ కోసలం. క్రీ.శ. 5, 6 శతాబ్దాలలో దానినేలిన శరభపురీయుల రాగి శాసనాలు రాయ్‌పూర్, ఆరంగ్‌లలో లభించాయి. రాజచిహ్నం ఏ దేశంలోనైనా అధికార ప్రకటనే. ఈజిప్టు ఫారోలు తాడు చుట్టినట్లుండే అండాకార వలయంలో తమ పేరు చెక్కించి, దానికి రక్షణ కోరారు. 1822లో షాంపోలియన్ ఆ లిపిని ఛేదించడానికి ఆ వలయాలే దారి చూపాయి.

కోసలంలో వలయం కాపాడినది దానపత్రాన్ని. రాగి రేకులను గుచ్చిన కడియం కొసలను గజలక్ష్మి ముద్రతో బిగించేవారు. ముద్ర పగలనిదే రేకు మార్చడం కుదరదు. లోపలి ఆజ్ఞ మాత్రం గ్రామ కుటుంబీకులకు: ఇకపై పన్నులు దానగ్రహీతకు చెల్లించాలి. గ్రహీత పేరు, గోత్రం రేకుపై నిలిచాయి. దున్నినవాడి పేరు లేదు. రాజ్యలక్ష్మి ఎవరి శ్రమతో నిలిచిందో ఆ ఆజ్ఞే చెబుతుంది.