ప్రత్యాశయా, ప్రవర్తనయా?

ఉపాధ్యాయ శిక్షణాలయములలో మనోవిజ్ఞానము బోధించువారు తరచుగా చెప్పెడి కథ యొకటి కలదు. అమెరికాలో నొక పాఠశాలయందు కొందరు పిల్లలను ఏ యోగ్యతయు చూడక చీట్లు తీసినట్లు ఎన్నుకొని, వీరు త్వరలో వికసింపనున్నారని వారి గురువులకు తెలుపగా, ఏడాది తిరుగులోపల ఆ పిల్లలు నిజముగనే వికసించిరట. గురువు నమ్మినచో శిష్యుడు పైకి వచ్చునని దీని సారాంశముగా చెప్పుదురు. కథ మనోహరమైనది, అందు సత్యాంశము లేకపోలేదు. అయినను ఇట్లు చెప్పుటలో చరిత్ర సగమే తెలియుచున్నదనియు, గురువునకు నిజముగ పనికివచ్చు విషయము చెప్పక విడిచిన సగములోనే నిలిచిపోయినదనియు నా యభిప్రాయము.

గురుప్రభావ పరిశోధనలోని తొలి దశలను గూర్చి విస్తరించుట అనవసరము. 1896లో క్రాట్జ్ అను విద్యావేత్త అయోవా రాష్ట్రమందలి సూ సిటీలో 2,411 మంది పిల్లలను మంచి గురువు లక్షణములేవియని అడిగి వారి సమాధానములను క్రోడీకరించెను. 1939లో కుర్ట్ లెవిన్, లిపిట్, వైట్ అనువారు పదేండ్ల బాలుర సంఘములకు నిరంకుశ, ప్రజాస్వామిక, ఉదాసీన నాయకత్వముల నిచ్చి వాని ఫలితములను పరిశీలించిరి. ఆ కాలముననే హెరాల్డ్ ఆండర్సన్, ఉపాధ్యాయులు పసిపిల్లలతో మెలగు తీరున ఆధిపత్యమెంత, సామరస్యమెంతయని లెక్కించెను. 1951లో మిన్నెసోటా ఉపాధ్యాయ వైఖరి మాపనియు, 1960లో డేవిడ్ రయాన్స్ ఉపాధ్యాయ లక్షణములపై వెలువరించిన బృహద్గ్రంథమును వచ్చినవి. నెడ్ ఫ్లాండర్స్ మూడేసి సెకండ్ల కొకసారి తరగతి సంభాషణను పది వర్గములుగా విభజించి నమోదు చేయు పద్ధతిని నెలకొల్పెను. తరగతి కాలములో మూడింట రెండు వంతులు ఎవరో ఒకరు మాటాడుచునే యుందురనియు, ఆ మాటలలో మూడింట రెండు వంతులు గురువువే యనియు, వానిలో మరల మూడింట రెండు వంతులు పాఠము చెప్పుట, ఆజ్ఞాపించుట, మందలించుట వంటివే యనియు ఆయన తేల్చెను.

ఇట్లు 1960 దశకము నడుమకే పరిశోధన రెండు పాయలుగా చీలియుండెను: గురువు మనస్సులో నేమున్నదో ప్రశ్నావళులచే తెలిసికొన యత్నించిన పాయ యొకటి, గదిలో ఒక మూల కూర్చుండి గురువు ఏమి చేయుచున్నాడో వ్రాసికొన్న పాయ మరియొకటి. ఈ శాస్త్రము పై కథ వెలువడిన 1968లో పుట్టినదని తలంచువారు రెండవ పాయను మరచుచున్నారు. మనకు కలిగిన నష్టమంతయు ఆ మరపునుండియే కలిగినదని చెప్పవచ్చును.

ఇక ఆ 1968 సంగతి. హార్వర్డులోని రాబర్ట్ రోసెంథాల్ అంతకుముందే, ఎలుకలు తెలివిగలవని నమ్మిన విద్యార్థుల చేతిలో అవి నిజముగనే చురుకుగా నేర్చినట్లు చూపియుండెను. ఆయన వ్యాసమును చదివిన లెనోర్ జాకబ్సన్ అను ప్రధానోపాధ్యాయిని, సౌత్ శాన్ ఫ్రాన్సిస్కో నగరములోని తన పాఠశాలలో ప్రయోగమునకు ఆయనను ఆహ్వానించెను. ఆరు తరగతులకు చెందిన పదునెనిమిది గదులలో ప్రజ్ఞాపరీక్ష జరిపి, సుమారు అయిదవ వంతు పిల్లల పేర్లను యాదృచ్ఛికముగా ఎన్నుకొని, వీరు వికసింతురని గురువులకు తెలిపిరి. ఎనిమిది నెలల పిమ్మట ఆ పిల్లల ప్రజ్ఞాలబ్ధి సగటున 12.2 పాయింట్లు పెరిగెను, తక్కినవారిది 8.4 పెరిగెను. మొదటి తరగతిలో ఈ పెరుగుదల ఆ పిల్లలకు 27.4, తక్కినవారికి 12గ నుండెను. ‘పిగ్మాలియన్ ఇన్ ది క్లాస్‌రూమ్’ అను గ్రంథము ఈ ఫలితములను లోకమునకు చాటెను. 1966 నాటి కోల్‌మన్ నివేదిక పిల్లవాని చదువును పాఠశాలకంటె ఇంటి పరిస్థితులే ఎక్కువగా నిర్ణయించునని చెప్పి అధ్యాపక లోకమును నిరుత్సాహపరచియుండుటచే, ఈ గ్రంథము వారికి ఎండలో నీడవలె తోచుట సహజమే.

కాని ఆ సంవత్సరమే రాబర్ట్ థోర్న్‌డైక్ ఆ గ్రంథములోని అంకెలను తీవ్రముగా విమర్శించెను. ఒక గదిలోని పిల్లల తార్కిక ప్రజ్ఞాలబ్ధి సగటు తొలిపరీక్షలో 31 మాత్రమేయని ఆ పట్టికలు తెలిపినవి. బడికి నడచివచ్చి పేరు చెప్పి కూర్చుండు పిల్లలకు అట్టి అంకె పొసగదు. ఆ పరీక్ష అంత చిన్నపిల్లలకు తగినది కాదు. ఫలితములు బలముగా కనబడినది ఆ చిన్న తరగతులలోనే. మొదటి తరగతిలో లెక్కకు వచ్చిన ‘వికసించువారు’ ఏడుగురు, రెండవ తరగతిలో పన్నిద్దరు. మూడవ తరగతి మొదలు ఆరవ తరగతి వరకు గణింపదగిన భేదమే లేదు. 1971లో ఎలాషాఫ్, స్నో అనువారు ఆ దత్తాంశములనే పునఃపరిశీలించి ఇట్టి సందేహములనే ప్రకటించిరి.

ఈ వివాదమును గూర్చి వ్రాసినవారు అంకెలకడనే ఆగుదురు. నాకు అంతకంటె ముఖ్యముగ తోచినవి రెండు కలవు. మొదటిది: గురుప్రభావమును నిరూపింపబూనిన ఆ ప్రయోగములో గురువు తరగతిలో ఏమి చేసెనో ఎవ్వరును కూర్చుండి చూడలేదు. తమకిచ్చిన జాబితాను అంతగా పట్టించుకొనలేదని ఉపాధ్యాయులే పలువురు తరువాత చెప్పిరి. అట్లయినచో నమ్మకము ఏ మార్గమున పిల్లవానిని చేరెను? రెండవది: జాబితాలో లేక, మందులకని వేరుచేసిన గదులలో నుండియు తమంత తాముగా ఎదిగిన పిల్లలను, వారెంత ఎదిగిన అంత తక్కువ మెప్పుతో ఆ గురువులు చూచిరని ఆ గ్రంథమందే యున్నది. ప్రత్యాశ ఆశీర్వచనము మాత్రమే కాదనియు, దానిని దాటివచ్చిన బిడ్డపై అది అప్రసన్నత కూడ కాగలదనియు చెప్పు ఈ వాక్యమును మన బోధకులు ఏల విడిచిరో నాకు బోధపడదు.

మొదటి ప్రశ్నకు సమాధానము రెండవ పాయవారినుండి వచ్చినది. 1970లో బ్రోఫీ, గుడ్ అనువారు నాలుగు మొదటి తరగతులలో గురువులచేతనే పిల్లలను అంచనా ప్రకారము వరుస పెట్టించి, పై ఆరుగురితోను, క్రింది ఆరుగురితోను గురువు మెలగిన తీరును నమోదు చేసిరి. పైవాడు తప్పినచో ప్రశ్నను మార్చి అడుగుటయు, ఆధారమందించుటయు జరిగెను. క్రిందివాడు తప్పినచో ఆ వంతు అంతటితో ముగిసెను. క్రిందివాని సరియైన సమాధానమునకు మెప్పును తక్కువయే. ఆ సంవత్సరమే రే రిస్ట్, నల్లజాతి పిల్లల పాఠశాలలో నొక కిండర్‌గార్టెన్ గదిని వర్ణించెను. బడి తెరచిన ఎనిమిదవ దినముననే, ఏ పరీక్షయు లేక, దుస్తులు, మాటతీరు, ఇంటి స్థితి చూచి, పిల్లలను మూడు బల్లలకు పంచిరి. గురువు మొదటి బల్లకడ నిలిచి బోధించెను. ఆ పంపకము రెండవ తరగతి వరకు వారిని వెంటాడినది. గురువును ఆ జాతివారే యగుటచే ఇది కేవల జాతిద్వేషమనుటకు వీలులేదు. మేరీ బడ్ రో, ప్రశ్న వేసిన పిదప గురువులు సగటున ఒక్క సెకండు మాత్రమే ఆగుదురనియు, మందులని తలచినవారికి ఇంకను తక్కువ ఆగుదురనియు, మూడు సెకండ్లాగినచో సమాధానములు దీర్ఘములై, పలుకనివారును పలుకుదురనియు చూపెను. రోసెంథాలును 1973లో వాతావరణము, బోధించిన విషయము, మాటాడ నిచ్చిన అవకాశము, ప్రతిస్పందన అను నాలుగు మార్గములను చెప్పి, ప్రవర్తనవైపునకే వచ్చెను.

1984లో స్టీఫెన్ రౌడెన్‌బుష్ పదునెనిమిది ప్రయోగములను కలిపి చూచి, గురువు పిల్లలను రెండు వారములకు మించి ఎరిగియున్నచో బయటివారు కల్పించిన ప్రత్యాశ దాదాపు పనిచేయదని తేల్చెను. దీనిని ప్రత్యాశావాదమునకు పరాజయముగా నేను గ్రహింపను. పరిచయము లేనిచోట మాటకు బలము హెచ్చని దీని యర్థము. రిస్టు చూచిన ఎనిమిదవ దినమునకు ఇది వ్యాఖ్యానము వంటిది. అయినను మితము తప్పరాదు. 2005లో జుసిమ్, హార్బర్ సాహిత్యమంతయు పరిశీలించి, ఈ ప్రభావము సాధారణముగా స్వల్పమేయనియు, గురువుల అంచనాలు చాలవరకు ఉన్న స్థితినే తెలుపుననియు, సంఘము చిన్నచూపు చూచిన పిల్లలయెడ మాత్రము ప్రభావము హెచ్చుగ నుండవచ్చుననియు చెప్పిరి.

మన నేలపై ఈ కడపటి మాట బరువైనది. ఉత్తరప్రదేశ్‌లో హాఫ్, పాండే జరిపిన ప్రయోగములో, కులము బయటపెట్టనంతవరకు నిమ్నకులముల బాలురు చిక్కుదారి బొమ్మలను ఇతరులతో సమముగ సాధించిరి; కులమును పదుగురిలో ప్రకటించినంతనే వెనుకబడిరి. ఇక ప్రవర్తన మాటకు వచ్చినచో, ఆంధ్రప్రదేశ్‌లో 2005లో ఆరంభమైన మురళీధరన్, సుందరరామన్‌ల ప్రయోగములో, ఫలితములనుబట్టి బోనసు పొందు గురువుల పిల్లలు ముందుకు వచ్చిరి. గురువుల హాజరు మాత్రము పెరుగలేదు. బడివేళలు దాటి అదనపు తరగతులు చెప్పుట వంటి పనులు హెచ్చినవి. ఇచటను మారినది చేతయే.

వర్తమాన స్థితి నాకు తృప్తికరముగ లేదు. పరిశోధన ప్రవర్తనవైపు నడచియుండగా, శిక్షణ వైఖరివైపు మరలినది. సానుకూల దృక్పథము గూర్చి ఉపన్యాసములు హెచ్చినవి; ఫ్లాండర్స్ పద్ధతి మన కళాశాలలకు వచ్చియు పలుచోట్ల రికార్డు పుస్తకము నింపెడి తంతుగనే మిగిలినది. పిల్లలందరును సమర్థులని ప్రతిజ్ఞ చేసిన గురువు కూడ, తనకు తెలియకయే ముందు బెంచీవానికి మూడు సెకండ్లును, వెనుక బెంచీవానికి ఒక సెకండును ఈయవచ్చును. ఉపన్యాసము ఆ లెక్కను సరిదిద్దజాలదు. శిక్షణ పొందు యువకుడు ఒక పీరియడు గది వెనుక కూర్చుండి, తోటి ఉపాధ్యాయుడు ఎవరి నడిగెనో, ఎంతసేపు ఆగెనో, తప్పు చెప్పినవానికి మరల అవకాశమిచ్చెనో లేదో, పిల్లల పేర్ల కెదుట గీతలు గీసి చూపగలిగినచో, ఆ కాగితము ఆయనకు ఏ గ్రంథమును చూపలేనిది చూపును. మరునాడు ఏ పేరునకు గీతలు తక్కువయో ఆ పిల్లవానిని ముందుగ నడిగి, వాడు నోరు తెరచువరకు ఆగుటకు వేరొక సిద్ధాంతమును అక్కరలేదు.