రెండు పాయింట్ల దూరం

2017 ఆగస్టు 27వ తేదీ, ఆదివారం. స్కాట్లండులోని గ్లాస్గో నగరమందు ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీలలో స్త్రీల సింగిల్స్ ఫైనల్ జరిగినది. ఒకవైపు హైదరాబాదుకు చెందిన పూసర్ల వెంకట సింధు, మరొకవైపు జపాను దేశపు నొజోమి ఒకుహారా. ఇద్దరికీ ఇరువది రెండేండ్లే. ఫలితం అందరెరిగినదే: 19–21, 22–20, 20–22. సింధు ఓడిపోయినది. మూడు గేములూ కలిపి లెక్కించితే ఒకుహారాకు 63 పాయింట్లు, సింధుకు 61. నూట పది నిమిషాల ఆటలో తేడా రెండే పాయింట్లు.

ఆ ఆటను మేము చెన్నేకొత్తపల్లిలో, బంధువుల యింట, టెలివిజనులో చూచినాము. రేడియోవారికి ఇది తగునా అని శ్రోతలు అడిగితే మా వద్ద సమాధానం లేదు. ఆ ఊరు ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. ఆనాటికి అనంతపురం జిల్లాలోనిదే. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వైపు పల్లెలలో బ్యాడ్మింటన్ అనగానే పెద్దలకు మొదట తోచేది షటిల్ కాదు. పసుపుపచ్చని ఉన్నిబంతితో, పక్కకు అయిదుగురు చొప్పున ఆడే బాల్ బ్యాడ్మింటన్. తంజావూరులో పుట్టినదని చెప్పుకొనే ఆ ఆటకు చదునైన నేల, రెండు గుంజలు, ఒక వల ఉంటే చాలును. షటిల్ సంగతి వేరు. ఈక బంతి చిన్న గాలికే దారి తప్పుతుంది. కప్పు గల శాల కావలె. అందుచేత అది చాలకాలం పట్టణపు క్లబ్బులను దాటి రాలేదు.

ఆనాటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ పోటీ గెలిచి, తరువాత హైదరాబాదులో శిక్షణాలయం నెలకొల్పినాడు. ఆయన శిష్యురాలైన సింధు 2016లో రియో ఒలింపిక్సులో రజతం తెచ్చినది. అప్పటి సెమీఫైనల్‌లో ఆమె చేతిలో ఓడినది ఈ ఒకుహారాయే. కావున గ్లాస్గోలో కూడ గెలుపు మనదేనని నమ్మి కూర్చున్నాము.

మొదటి గేము విరామానికి ముందంజలో ఉండి కూడ సింధు దానిని జారవిడిచినది. అప్పుడు మా ప్రక్కన కూర్చున్న పెద్దాయన, కళాశాల రోజులలో షటిల్ ఆడినవాడు, “ఏమప్పా, సర్వీసు లేకనే పాయింటు ఇస్తాండారే!” అని ఆశ్చర్యపోయినాడు. ఆ ప్రశ్న చిన్నది కాదు. పూర్వం సర్వీసు చేసినవారికే పాయింటు దక్కేది. పురుషులకు గేము 15, స్త్రీల సింగిల్స్‌కు 11. ఎదుటివారు గెలుపు అంచున నిలిచినా, వారి సర్వీసును విరిచి, ఊపిరి తీసుకొనే వీలుండేది. 2006లో వచ్చిన పద్ధతిలో ప్రతి ర్యాలీకి ఎవరికో ఒకరికి పాయింటు. గేము 21, ఇరువదికి సమమైతే రెండు పాయింట్ల ఆధిక్యం కావలె. ఇందులో తప్పుకు వెంటనే వెల చెల్లించవలసినదే.

రెండవ గేము 21–20 వద్ద సాగిన ర్యాలీని మరువలేము. డెబ్బది మూడు దెబ్బలు! పొడగరి సింధు కోర్టు వెనుక మూలకు కొడితే, అయిదడుగులు దాటి కొంచెమే ఎత్తుగల ఒకుహారా అక్కడ ఉన్నది. వల ముందు వేస్తే అక్కడా ఉన్నది. ఇంటిలో ఎవరూ మాటాడలేదు. చివరకు పాయింటు సింధుది, గేమూ సింధుదే. ఇద్దరూ ఊపిరి అందక నిలువలేకపోయినారు.

మూడవ గేములో సింధు 19–17తో ముందున్నది. మరి రెండు పాయింట్లు చాలు. ఒకుహారా వరుసగా మూడు తీసికొన్నది. సింధు 20–20 చేసినది. తరువాతి రెండూ ఒకుహారావే.

అలసట వలన ఓడినదని ఆ రాత్రి మేమూ అన్నాము. నిదానించి చూస్తే ఆ మాట నిలువదు. ముందునాడు సింధు తన సెమీఫైనల్‌ను 21–13, 21–10తో రెండు గేములలో ముగించినది. ఒకుహారా మాత్రం సైనా నెహ్వాల్‌తో మూడు గేములు ఆడి వచ్చినది. అలసట సాకు ఎవరికైనా ఉండినచో అది జపాను పిల్లకే. దానిని ఒప్పుకొనుటకు అభిమానులకు కొంత కాలం పట్టినది.

మేము ఒప్పుకొననిది మరొకటి. సింధు ఫైనల్‌లో తడబడే మనిషి అని మాట పుట్టినది. మూడు వారాలు గడిచినవో లేదో, సెప్టెంబరు 17న కొరియా ఓపెన్ ఫైనల్‌లో ఆమె ఇదే ఒకుహారాను 22–20, 11–21, 21–18తో ఓడించినది. అయినను మాట ఆగలేదు. 2018లో నాంజింగ్ ప్రపంచ పోటీల ఫైనల్‌లో స్పెయిను క్రీడాకారిణి కరోలినా మారిన్ చేతిలో ఓడినప్పుడు అది మరింత హెచ్చినది. ఫైనల్ దాక రానివారిని ఈ మాట ఎవరూ అనరు గదా!

2019 ఆగస్టు 25న స్విట్జర్లండులోని బాసెల్ నగరంలో మరల ప్రపంచ పోటీల ఫైనల్, మరల ఒకుహారా. అదే యింటికి పోయి కూర్చున్నాము. 21–7, 21–7. ముప్పది ఎనిమిది నిమిషాలు. రెండవ గేము మొదలుకాగానే పెద్దాయన ఎనుములకు మేత వేసి వస్తానని లేచినాడు. ఆయన చేతులు కడుగుకొని తిరిగి వచ్చేసరికి సింధు మెడలో పతకం వేస్తున్నారు.