వెలుగు తరుగుదల లెక్క

సగము వెలుగును హరించు రంగు గాజుపలకలు రెండింటిని ఒకదానిపై నొకటి పెట్టినచో వెలుగు పూర్తిగా మాయము కావలెనని మనకు తోచును. కాని అట్లు జరుగదు. మొదటి పలక సగము నాపును. రెండవది మిగిలినదానిలో సగమునే ఆపును. నాలుగవ వంతు వెలుగు ఇంకను దాటిపోవును.

ఈ సంగతిని తొలుత స్పష్టపరచినవాడు పియేర్ బుగేర్ అను ఫ్రెంచి పండితుడు. మందము అంకశ్రేఢిలో పెరుగగా వెలుగు గుణశ్రేఢిలో తరుగునని 1729లో పారిస్ నగరమున ప్రకటింపబడిన చిన్న గ్రంథములో ఆయన తెలిపెను. కాంతిని కొలుచు యంత్రములు అప్పటికి లేవు. ఒక వెలుగు మరియొకదానికి ఎన్ని రెట్లో మన కన్ను చెప్పజాలదు. రెండును సమానమా కాదా అనునది మాత్రము చక్కగా చెప్పగలదు. బుగేర్ కంటిని ఆ ఒక్క తీర్పే అడిగెను. రెండు తలములను ప్రక్కప్రక్కన నుంచి, కొవ్వొత్తిని దూరముగా జరుపుచు, వెలుగులు సరితూగినప్పుడు దూరముల వర్గములను బట్టి లెక్క కట్టెను. పున్నమి చంద్రునికంటె సూర్యుడు సుమారు 3,00,000 రెట్లు ప్రకాశవంతుడని కూడ ఆయన ఇట్లే తేల్చెను. నేటి గణనము సుమారు 4,00,000. కొవ్వొత్తితో అంత దగ్గరకు వచ్చుట మాకు నేటికిని వింతగానే యున్నది.

1735లో ఆయన భూమి ఆకారమును నిర్ణయించు బృందముతో పెరూ ప్రాంతమునకు పోయెను, 1758లో గతించెను. 1760లో లాంబర్ట్ అను దర్జీ కుమారుడు లాటిను భాషలో 'ఫొటోమెట్రియా'ను ప్రకటించి, ఈ నియమమునకు గణితరూపము నిచ్చెను. బుగేర్ గ్రంథమును ఆయన దాచలేదు, పేర్కొనెను.

ఇక రసాయనశాస్త్రమునకు దీనిని చేర్చినవాడు బాన్ నగరమునకు చెందిన అగస్ట్ బేర్. ద్రావణమును సగమునకు పలుచన చేసి, లోతును రెట్టింపు చేసినచో, దాటివచ్చు వెలుగు మారదని 1852లో ఆయన పరిశోధనలు చూపెను. అనగా గాఢతయు మందమువలెనే పనిచేయును.

దాటివచ్చిన భాగమును ప్రసారమందురు. దాని విలోమమునకు సంవర్గమానమే శోషణము. పదవ వంతు దాటిన శోషణము 1, నూరవ వంతు దాటిన 2. ప్రసారములను గుణింపవలెను, శోషణములను కూడిన చాలును. శోషణము గాఢతతో సమముగా పెరుగును గనుకనే, వైద్యశాలలో రక్తపు చుక్కను పలుచన చేసి అందలి హీమోగ్లోబిన్ ఎంతయో చెప్పగలుగుచున్నారు. ద్రావణము మిక్కిలి చిక్కనైనచో మాత్రము ఈ లెక్క తప్పును.

పాఠ్యపుస్తకములు దీనిని తరచుగా బేర్–లాంబర్ట్ నియమమనును. ముందుండవలసిన పేరు బుగేర్‌దని మా అభిప్రాయము. కొన్ని గ్రంథములు మూడు పేర్లను కలిపి వ్రాయుచున్నవి. అందును ఆయనను మొదటనే నిలుపుచున్నవి.