గండికోట కొలిమిలో కరగని దేవుళ్ళు

సెప్టెంబరు 27 ప్రపంచ పర్యాటక దినం. ఆ రోజు జమ్మలమడుగు నుంచి గండికోటకు పోయే పదిహేను కిలోమీటర్ల దారి కార్లతో, మోటారు సైకిళ్ళతో నిండిపోతుంది. వచ్చినవాళ్ళు కోట గవని దాటి, ఊళ్ళో ఇళ్ళ మధ్యగా నడిచి, జామా మసీదు పక్క నుంచి నేరుగా లోయ అంచుకు చేరతారు. ఎర్రటి బండల మధ్య పెన్న మెలిక తిరిగే చోట ఫోటోలు దిగుతారు. పొద్దు గూకాక వెనక్కి మళ్ళుతారు. లోయ అందమే అంత. ఎన్నిసార్లు చూసినా గుండె ఝల్లుమంటుంది. కానీ ఆ వచ్చిన వందమందిలో మాధవరాయస్వామి గుడి గర్భగుడి దాకా వెళ్ళేవాళ్ళు పదిమంది కూడా ఉండరనిపిస్తుంది. వెళ్ళినవాళ్ళు కూడా లోపల విగ్రహం లేకపోవడం చూసి వెంటనే బయటికి వచ్చేస్తారు.

నేను మొదటిసారి గండికోట చూసింది ఇంటర్ చదివేటప్పుడు, మా నాయనతో. నాలుగంతస్తుల గాలిగోపురం కింద నుంచి లోపలికి పోయి, మండపం దాటి, గర్భగుడి గడప దగ్గర నిలబడ్డాం. లోపల గబ్బిలాల వాసన, చీకటి. ఆయన చెప్పులు అప్పటికే గోపురం బయట విడిచిపెట్టాడు. ఆ చీకటి వైపు చూసి రెండు చేతులూ జోడించాడు. "దేవుడు లేడు కదా నాయనా" అన్నాను. "ఉండాడు గదరా" అని మాత్రం అన్నాడు. ఆ మాట వెనక ఎంత చరిత్ర ఉందో తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

గండి అంటే తెలుగువాళ్ళకు విడమరచి చెప్పనక్కర్లేదు. చెరువు కట్ట తెగితే గండి పడిందంటాం. ఎర్రమల కొండలను పెన్న అలా తెంపుకుని పోయింది. మూడు వందల అడుగుల లోతున నీళ్ళు, రెండు వైపులా నిట్టనిలువు బండ. ఆ గండి మీద కట్టిన కోట కాబట్టి గండికోట.

ఎవరు కట్టారంటే, ఊరి పాత చరిత్ర రాసిన కైఫియత్తు ఆధారంగా అందరూ చెప్పే మాట ఒకటుంది. కల్యాణి చాళుక్య ఆహవమల్ల సోమేశ్వరుడి సామంతుడు, బొమ్మనపల్లెకు చెందిన కాకరాజు 1123లో కట్టాడని. ఇక్కడ లెక్క కుదరదు. ఆహవమల్ల సోమేశ్వరుడు జబ్బు పడి, తుంగభద్రలో మునిగి ప్రాణం విడిచింది 1068లో. 1123 నాటికి కల్యాణిలో ఉన్నది అతని కొడుకు ఆరో విక్రమాదిత్యుడు. రాజు పేరైనా తప్పయి ఉండాలి, సంవత్సరమైనా తప్పయి ఉండాలి. కైఫియత్తులు రాసిన కరణాలు ఊళ్ళో పెద్దలు చెప్పింది చెప్పినట్టు కాగితం మీద పెట్టారు. వాళ్ళు చేసిన మేలు అంతా ఇంతా కాదు. ఆ సంవత్సరాన్ని శాసనంలా నమ్మి, ఏటా పుట్టినరోజు లెక్క కట్టే మన అలవాటే సరి కాదు.

తర్వాతి నాలుగు వందల ఏళ్ళూ నాలుగు మాటల్లో గడిచిపోతాయి. కాయస్థ అంబదేవుడు కాకతి రుద్రమదేవిని ఎదిరించిన రోజుల్లో వల్లూరు నుంచి రాజధానిని ఇక్కడికి మార్చాడు. ప్రతాపరుద్రుడి కాలంలో జుట్టయ లెంక గొంకారెడ్డి ఈ సీమను ఏలాడు. తర్వాత విజయనగరం. ఆ పైన పెమ్మసాని వారి ఏలుబడి. పెమ్మసాని రామలింగ నాయుడు కృష్ణదేవరాయల దండులో ముందు నడిచినవాడు, రాయవాచకంలో కనిపించే వీరుడు. మాధవరాయస్వామి, రంగనాథస్వామి ఆలయాల్లో మనకు కనిపిస్తున్న రూపం విజయనగర శిల్పులదే. మాధవరాయ మండపంలో స్తంభాల మీద ఏనుగులు, యాళులు, నాట్యగత్తెలు ఇంకా చెక్కు చెదరలేదు. లేపాక్షి, తాడిపత్రి చూసినవాళ్ళు ఆ ఉలిదెబ్బను ఇట్టే గుర్తుపడతారు.

ఇక నేను ఆగాలనుకున్న చోటు 1650.

తళ్ళికోట యుద్ధం ముగిసి ఎనభై ఏళ్ళు దాటింది. శ్రీరంగరాయలు పేరుకు విజయనగర ప్రభువు, చేతిలో నేల లేదు. గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా దగ్గర మంత్రిగా ఉన్న మీర్ జుమ్లా ఉదయగిరి పట్టుకుని, కడప సీమలోకి దిగాడు. ఇతని అసలు పేరు మహమ్మద్ సయీద్. పర్షియాలో ఇస్ఫహాన్ దగ్గర నూనె వ్యాపారి కొడుకు. వజ్రాల వ్యాపారం మీద పైకొచ్చి, సొంత సైన్యం పెట్టుకునేంత ఎదిగినవాడు. గండికోటలో అప్పుడు పెమ్మసాని చిన తిమ్మానాయుడు. కోట లొంగిన తర్వాత పొదిలి లింగన్న అనే మంత్రి ఆయనకు విషం పెట్టాడని ఇక్కడివాళ్ళు కథగా చెబుతారు. ఆ కథకు సాక్ష్యం లేదు గానీ, ముట్టడికి మాత్రం ఉంది. కోట మీర్ జుమ్లా చేతికి వచ్చాక ఒక ఫ్రెంచివాడు గండికోటకు వచ్చి, కళ్ళారా చూసిందీ చెవులారా విన్నదీ రాసిపెట్టాడు.

అతని పేరు జాన్ బాప్టిస్ట్ టావెర్నియర్. రత్నాల వర్తకుడు. గోలకొండ సుల్తానుకు అమ్మాలని ముత్యాలు, రత్నాలు పట్టుకుని వచ్చాడు. కానీ మీర్ జుమ్లా ముందు చూసి సరేననకుండా సుల్తాను ఏదీ కొనడని తెలిసింది. అందుకని మద్రాసు మీదుగా 1652 సెప్టెంబరులో గండికోట ఎక్కాడు. వర్తకుడి కన్ను కదా, కోటను కూడా తూకం వేసినట్టే చూశాడు. ఎక్కే దారి ఒక్కటే. కొన్ని చోట్ల ఇరవై అడుగుల వెడల్పు, కొన్ని చోట్ల ఏడెనిమిది అడుగులు. కుడి పక్క చూస్తే కళ్ళు తిరిగే లోతు, అడుగున పెద్ద ఏరు. పైకి వెళ్తే ఊటల నీళ్ళతో వరి, జొన్న పండే చిన్న మైదానం. ముట్టడి వచ్చినప్పుడు లోపలివాళ్ళు కాపాడుకోవాల్సింది నాలుగైదు వందల అంగల మేర మాత్రమే. కానీ వాళ్ళ దగ్గర ఉన్నవి రెండే ఇనుప ఫిరంగులు. మీర్ జుమ్లా తన కొలువులోని ఫ్రెంచి, ఇంగ్లీషు, డచ్చి గోలందాజులకు నాలుగు నెలల జీతం అదనంగా ఇస్తానని ఆశ పెట్టి, నాలుగు ఫిరంగుల్ని కొండ మీదికి లాగించాడు. గవని మీది ఫిరంగి దెబ్బతిని పనికిరాకుండా పోయాక లోపలివాళ్ళు లొంగిపోయారు.

టావెర్నియర్ చూసిన మీర్ జుమ్లా చిత్రం నా మనసులో చెరగదు. డేరాలో పాదాలకు ఏమీ లేకుండా, బట్టలు కుట్టేవాడిలా కాళ్ళు మడిచి కూర్చున్నాడు. కాలివేళ్ళ సందుల్లో ఉత్తరాలు, ఎడమచేతి వేళ్ళ సందుల్లో ఉత్తరాలు. ఒకసారి కాలి నుంచి, ఒకసారి చేతి నుంచి ఒక్కొక్కటి తీస్తూ, ఇద్దరు లేఖకులకు జవాబులు చెప్పి రాయించాడు. కొన్నింటికి తానే రాశాడు. రాసింది తిరిగి చదివించుకుని, ముద్ర మాత్రం తన చేత్తోనే వేశాడు. కొన్ని ఉత్తరాలు గుర్రపు రౌతులకు, కొన్ని కాలిబంట్లకు. ఆ కాలిబంట్లు గుర్రాల కన్నా త్వరగా చేరేవాళ్ళట. రెండేసి లీగుల దూరానికి ఒక గుడిసె ఉండేది. ఒకడు పరుగెత్తుకొచ్చి గుడిసె వాకిట్లో ఉత్తరం పడేస్తే, లోపలివాడు అందుకుని పరుగు మొదలుపెట్టేవాడు. చీకటి రాత్రుల్లో దారి తప్పకుండా ప్రతి ఐదు వందల అంగలకు ఒక రాళ్ళకుప్ప పోసి, పక్క ఊళ్ళవాళ్ళు సున్నం కొట్టి ఉంచాలి. కడప సీమ బాటల పక్కన తెల్లటి రాళ్ళకుప్పలు, వాటి మీద వెన్నెల, వగరుస్తూ పరుగెత్తే బంటు. మా తాతలకు తాతలు ఎవరో ఆ సున్నం కొట్టే ఉంటారు.

అసలు కథ ఇప్పుడు మొదలవుతుంది. మీర్ జుమ్లాకు ఇంకా ఫిరంగులు కావాలి. బూర్జ్ పట్నానికి చెందిన క్లాడ్ మాయ్ అనే ఫ్రెంచివాడు ఆ రోజుల్లో గండికోటలో ఉన్నాడు. అంతకు ముందు బటేవియాలో డచ్చి పెద్దదొర తోటలో ఫౌంటెన్లు, కృత్రిమ గుహలు కట్టిన పనివాడు. అక్కడ పొసగక, డచ్చి రాయబారి పరివారంలో చేరి ఇటు వచ్చాడు. ఇరవై ఫిరంగులు పోత పోయమని మీర్ జుమ్లా అతన్ని అడిగాడు. నలభై ఎనిమిది పౌన్ల గుండు పేల్చేవి పది, ఇరవై నాలుగు పౌన్లవి పది. రాగి తాను ఇస్తానన్నాడు.

ఆ రాగి ఎక్కడిది? గుళ్ళది. సీమ అంతటా గుళ్ళల్లోని విగ్రహాలను పెకలించి గండికోట కొలిమికి తెప్పించాడు. కోటలోనే దేశంలోని పెద్ద గుళ్ళలో ఒకటి ఉందని టావెర్నియర్ రాశాడు. అందులో బంగారు విగ్రహాలు, వెండి విగ్రహాలు ఉన్నాయి. రాగివి ఆరు. మూడు మడమల మీద కూర్చున్నవి, మూడు పది అడుగుల ఎత్తువి. గుడి పేరు అతను చెప్పలేదు. గోపురాన్నీ ప్రాకారాన్నీ చూస్తే మాధవరాయ ఆలయమే అయి ఉంటుందని నా నమ్మకం. మడమల మీద కూర్చున్నవాళ్ళలో ఒకరు అంజలి పట్టిన గరుత్మంతుడే అనుకుంటాను.

ఊరూరి నుంచి తెచ్చిన విగ్రహాలన్నీ కరిగాయి. ఈ ఆరూ కరగలేదు. మాయ్ ఎన్ని ప్రయత్నాలు చేశాడో, మీర్ జుమ్లా ఎంత డబ్బు పోశాడో, ఫలితం లేదు. మంత్రాలు వేసి విగ్రహాల్ని కట్టేశారని అర్చకుల మీద మీర్ జుమ్లా మండిపడ్డాడు, బెదిరించాడు. ఆ పూట అర్చకులు ఏమి చెప్పుకున్నారో మనకు అందలేదు. చివరికి మాయ్ ఒక్క ఫిరంగి కూడా పూర్తి చేయలేకపోయాడు. ఒకటి పగిలిపోయింది, ఇంకొకటి సగంలో నిలిచింది. కొలువు వదిలేసి వెళ్ళిపోయాడు.

ఎందుకు కరగలేదు? మన స్థపతులు విగ్రహాలను ఘనంగా, లోపల డొల్ల లేకుండా పోత పోసేవాళ్ళు. అంత పెద్ద ఘనమైన లోహానికి ఎంత వేడి పెట్టినా అది ఒంటినిండా పాకి చల్లారుతూనే ఉంటుంది. ముక్కలుగా కోయకుండా కొలిమిలో పెడితే మామూలు బొగ్గు, మామూలు తిత్తులు చాలవు. మాయ్ తోటల్లో ఫౌంటెన్లు కట్టినవాడే గానీ ఫిరంగులు పోత పోసే కొలిమి తెలిసినవాడు కాడని కూడా అనుకోవచ్చు. నాకు ఈ వివరణ సరిపోతుంది. సరిపోతుందని తెలిసీ ఆ గర్భగుడి ముందు నిలబడిన ప్రతిసారీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది. గుడి పోయింది, కోట పోయింది, రాజు పోయాడు. ఆ దేవుళ్ళు మాత్రం తమ ఊరి మీద పేలే ఫిరంగులుగా మారడానికి ఒప్పుకోలేదు.

ఆ ఆరు విగ్రహాలు తర్వాత ఏమయ్యాయో టావెర్నియర్ పుస్తకంలో లేదు. 1676లో అచ్చయిన ఆ పుస్తకం గండికోట తర్వాత గోలకొండ దారి పట్టేస్తుంది. మీర్ జుమ్లా కొద్ది ఏళ్ళకే సుల్తానును వదిలి మొగలుల పక్షం చేరాడు. అస్సాం మీదికి దండెత్తి, తిరిగి వస్తూ 1663లో దారిలోనే చనిపోయాడు. అతని సమాధి అస్సాం సరిహద్దులో మాన్‌కాచార్ గుట్ట మీద ఉంది. గండికోటలో మిగిలింది కుతుబ్‌షాహీ జామా మసీదు, పెద్ద ధాన్యాగారం, పావురాల గోపురం. మసీదు మీనార్ల నాజూకుతనం కూడా చూసి తీరవలసిందే. పక్కనే ఉన్న కోనేటిలో యుద్ధం ముగిశాక కత్తులు కడిగితే నీళ్ళు ఎర్రబడ్డాయని ఊళ్ళో చెబుతారు.

తర్వాత కడప నవాబులు, 1779 నాటికి హైదర్ అలీ, 1792లో నిజాము, 1800లో దత్తమండలాలతో పాటు ఈస్టిండియా కంపెనీ. కోటలో తుపాకుల అవసరం తీరిపోయింది. జనం మాత్రం అక్కడే ఉన్నారు. ఇప్పటికీ బురుజుల మధ్య ఇళ్ళు, ఎనుములు, గడ్డివాములు ఉన్నాయి. పురావస్తుశాఖ రక్షణ, పర్యాటకశాఖ హోటలు, జనవరిలో ఉత్సవాలు, పడవలు, లోయ అంచున గుడారాలు ఒక్కొక్కటిగా వచ్చాయి. పెన్న మీద ఇరవై ఆరున్నర టీఎంసీలకు పైగా నీళ్ళు నిలిపే గండికోట జలాశయం వచ్చింది. దాని కింద తాళ్ళప్రొద్దుటూరు లాంటి ఊళ్ళు మునిగాయి. ఆ ఊళ్ళవాళ్ళు తమ గుళ్ళ దేవుళ్ళను ఎత్తుకుని కొత్త కాలనీలకు వెళ్ళారు. అప్పుడు కరగబోసేవాడికి చిక్కి, ఇప్పుడు నీటికి భయపడి, ఈ సీమ దేవుళ్ళు రెండుసార్లు ఇల్లు కదిలారు. సీమకు నీళ్ళు కావాలి, కాదనను. ఆ కదిలినవాళ్ళ కళ్ళలో నీళ్ళు కూడా లెక్కలోకి రావాలి.

2024లో గండికోట పర్యాటకాభివృద్ధికి కేంద్రం సుమారు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. దీపాలు పెడతారు, దారులు వేస్తారు, మంచిదే. ఆ డబ్బులోంచి మాధవరాయ గుడి గోపురం పక్కన ఒక కడప బండ నిలబెట్టి, క్లాడ్ మాయ్ కొలిమి కథను తెలుగులో చెక్కించమని అధికారులకు చేతులెత్తి అడుగుతున్నాను. పాఠకులకు కూడా ఒక మాట. సెప్టెంబరు 27న వెళ్ళేవాళ్ళు లోయ దగ్గరికి సాయంత్రం వెళ్ళండి, అప్పుడే బాగుంటుంది. పొద్దున మాత్రం మాధవరాయ గుడికి వెళ్ళండి. చెప్పులు గోపురం బయటే విడవండి.