ప్లాకునిడే

ప్లాకునిడే ఉష్ణమండల సముద్రాల్లో బతికే ఆల్చిప్పల కుటుంబం. ఇందులో నేటికీ సజీవంగా ఉన్న ప్రజాతి ప్లాకునా ఒక్కటే. హిందూ మహాసముద్రం, పశ్చిమ పసిఫిక్ తీరాల్లో లోతు తక్కువగా ఉన్న బురద నేలలపై ఇవి పెరుగుతాయి. వీటిలో బాగా పేరున్న జాతి ప్లాకునా ప్లసెంటా. గోవాలో పోర్చుగీసు కాలపు ఇళ్ల కిటికీలకు గాజుకు బదులు బిగించింది దీని చిప్పలనే.

గుల్ల గుండ్రంగా, అప్పడంలా పల్చగా ఉంటుంది. అడ్డకొలత 15 సెంటీమీటర్ల దాకా వస్తుంది. చిప్ప బరువులో దాదాపు 99 శాతం కాల్సైట్ అనే ఖనిజమే. అది సన్నని పొరలుగా ఒకదానిపై ఒకటి పేరుకుంటుంది. చిప్పను ఎండకు ఎత్తి పట్టుకుంటే వెనకనున్న వేళ్ల ఆకారం కనిపిస్తుంది. ఇంత పల్చనిది ఇట్టే పగిలిపోతుందనుకుంటాం. కానీ మొనదేలిన వస్తువుతో గుచ్చినా నష్టం దెబ్బ తగిలిన చోటే ఆగిపోతుందని 2014లో ప్రచురితమైన అమెరికా పరిశోధన చూపింది. ఈ కుటుంబంలో అన్నిటికన్నా ఆశ్చర్యపరిచే లక్షణం ఇదే.

గుర్తుపట్టడానికి మాత్రం కీలును చూడాలి. చిప్ప లోపలి వైపు, కీలు దగ్గర ఒకే చోట మొదలై చెరో పక్కకు చీలే రెండు గట్లు ఉంటాయి. చిప్పలను తెరిచే సాగుడు బంధనం వీటినే పట్టుకుని ఉంటుంది. మూసే కండరం ఒక్కటే. నీటిలోని సూక్ష్మజీవులను మొప్పలతో వడగట్టి తింటాయి. వీటి సన్నని పాదం బురదను తవ్వదు, గుల్ల లోపల చేరిన మట్టిని ఊడ్చి శుభ్రం చేస్తుంది. ఆడ, మగ వేర్వేరు.

లిన్నేయస్ 1758లో ప్లాకునా ప్లసెంటాను అనోమియా ప్రజాతిలో చేర్చాడు. ప్లాకునా ప్రజాతిని లైట్‌ఫుట్ 1786లో, కుటుంబాన్ని రాఫినెస్క్ 1815లో ఏర్పరిచారు. నేటి వర్గీకరణలో ఈ కుటుంబం పెక్టినిడా క్రమానికి చెందుతుంది. అంటే మనం తినే ఆయిస్టర్లకన్నా స్కాలప్‌లకే దగ్గర. అతి దగ్గరి బంధువులైన అనోమియిడే గుల్లలు కింది చిప్పకున్న రంధ్రం గుండా రాళ్లను అంటిపెట్టుకుంటాయి. ఎదిగిన ప్లాకునాకు ఆ రంధ్రం ఉండదు, నేలపై విడిగా పడి ఉంటుంది. ప్లాకునా ఎఫిప్పియం అనే మరో జాతి చిప్ప గుర్రపు జీనులా వంగి ఉంటుంది.

మన కాకినాడ అఖాతంలోనూ ప్లాకునా ప్లసెంటా ఉంది. అక్కడ సున్నం కోసం ఈ గుల్లలను ఏరేవారు. భారత ప్రభుత్వం 2001లో ఈ జాతిని వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోకి తెచ్చింది.