మనోవర్తి భిక్ష కాదు

పాతకాలపు దస్తావేజుల్లో ఒక షరతు తరచుగా కనిపిస్తుంది. విధవరాలికి మనోవర్తి కింద కొంత పొలమో ఇల్లో రాసిస్తారు. ఆమె బతికినంతకాలం ఫలసాయం అనుభవించాలే గాని, దానవిక్రయాలు చెయ్యకూడదు. ఆమె తదనంతరం ఆస్తి తిరిగి మగవాళ్ళకే చేరాలి. ఈ షరతు ఎంతవరకు చెల్లుతుందో తేల్చింది మన నెల్లూరు ఇల్లాలి కేసే. ఆమె పేరు వద్దెబోయిన తులశమ్మ.

తులశమ్మ భర్త 1931లో చనిపోయాడు. అప్పటికి ఆయన, సవతి సోదరుడు శేషారెడ్డి ఉమ్మడి కుటుంబంలోనే ఉన్నారు. 1944లో ఆమె మనోవర్తి కోసం నెల్లూరు మునసబు కోర్టుకెక్కింది. కోర్టు ఫీజు కట్టే స్తోమత లేదు గనుక పాపర్ దావాగా వేసింది. 1946లో డిక్రీ వచ్చింది. అది అమలుచేసే దశలో, 1949లో రాజీ కుదిరింది. కొంత ఆస్తి ఆమెకిచ్చారు, పైన చెప్పిన షరతుతోనే.

ఇంతలో 1956 జూన్ 17న హిందూ వారసత్వ చట్టం వచ్చింది. స్త్రీ స్వాధీనంలో ఉన్న ఆస్తికి ఆమే సంపూర్ణ యజమాని అని 14వ సెక్షను మొదటి భాగం అంటుంది. అయితే, వీలునామా, దానపత్రం, డిక్రీ వంటి వాటి ద్వారా షరతులతో ఇచ్చిన ఆస్తికి ఆ షరతులే వర్తిస్తాయని రెండో భాగం అంటుంది. చిక్కంతా ఇక్కడే వచ్చింది!

తులశమ్మ 1960లో కొంత ఆస్తి కౌలుకిచ్చి, 1961లో కొంత అమ్మింది. అది చెల్లదని శేషారెడ్డి దావా వేశాడు. కింది కోర్టులో ఆయన గెలిచాడు. జిల్లా కోర్టులో ఆమె గెలిచింది. హైకోర్టులో మళ్ళీ ఆయనే గెలిచాడు. చివరికి 1977 మార్చి 17న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు భగవతి, గుప్తా, ఫజల్ అలీ తులశమ్మే సంపూర్ణ యజమానురాలని తీర్పు చెప్పారు. దావా వేసిన నాటినుంచి 33 ఏళ్ళు గడిచాయన్నమాట!

న్యాయం ఏమిటంటే, మనోవర్తి హక్కు రాజీపత్రంతో కొత్తగా పుట్టలేదు. అది ధర్మశాస్త్రాల నాటినుంచీ ఉంది. బాకీ తీర్చినవాడు దానం చేశానని చెప్పుకోగలడా? ఇదీ అంతే. ఉన్న హక్కుకు బదులుగా ఇచ్చిన ఆస్తికి మొదటి భాగమే వర్తిస్తుంది. ఏ పూర్వహక్కూ లేకుండా కొత్తగా ఇచ్చిన ఆస్తికి మాత్రం షరతు నిలుస్తుంది. ఈ రెండు భాగాల మధ్య తీర్పులు ఒకదారిన లేవని, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ ప్రశ్నను విస్తృత ధర్మాసనానికి నివేదించింది కూడా.

ఇక కూతుళ్ళ మాట. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు వచ్చింది. 2005లో కేంద్రం దేశమంతటా కూతుళ్ళకు ఆ హక్కు ఇచ్చింది. అది పుట్టుకతో వచ్చే హక్కని, 2005 నాటికి తండ్రి బతికి ఉండనవసరం లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇవన్నీ హిందూ కుటుంబాల సంగతులు. మన గుణదలలోని క్రైస్తవ కుటుంబాలకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. వీలునామా లేకపోతే కొడుకు, కూతురు అని అందులో తేడా లేదు.

కాబట్టి అక్కలారా, చెల్లెళ్ళారా! నలుగురూ కూర్చుని కాగితం ముందు పెట్టి సంతకం చెయ్యమంటే, మొహమాటపడకండి. ఆ ఆస్తి మీకెందుకు ఇస్తున్నారో అందులో రాశారా, లేదా చూసుకోండి. మనోవర్తికి బదులుగా ఇస్తుంటే ఆ మాటే స్పష్టంగా రాయించుకోండి. అర్థంకాకపోతే వకీలుకు చూపించాకే కలం పట్టండి. తులశమ్మకు 33 ఏళ్ళు పట్టింది. మీకు ఒక పూట ఆలస్యమైతే నష్టమేమీ లేదు.